రానిది ఇయ్యండి

ఆమె పోయిందన్న కబురు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఎవరో ఫొటో పెట్టి, కింద ప్రభువునందు నిద్రించారని రాశారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. నేను కర్నూల్లో, మా వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. ఫోను పక్కన పెట్టి తరగడం పూర్తి చేశాను. కూర పొయ్యి మీద పెట్టాక ముందు గదిలోకి వెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయన పాస్టరు. ఎర్రగుంట్ల దగ్గర ఆమె ఊరి సంఘంలో చాలా ఏళ్లు పనిచేసి, బదిలీ మీద ఇక్కడికి వచ్చారు.

"ఎవరూ?" అన్నారు.

"ఎస్తేరు వాళ్లమ్మ."

ఆయన కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోయారు. నేను తిరిగి వెళ్లి అన్నం వార్చాను.

నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, ప్రొద్దుటూరు. ఆమె ఊరికి వెళ్లే దారంతా కిటికీ పక్కనే కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని రుమాలు చేతిలోనే పెట్టుకున్నాను. రాలేదు. సమాధి దగ్గర మా ఆయన వాక్యం చెప్పారు, అందరూ పాడారు, నేనూ పాడాను. ఇచ్చినవాడే తీసుకున్నాడని యోబు అన్న మాట నేనెందరికో చెప్పి ఓదార్చాను. అది నోటిదాకా వచ్చింది గానీ లోపల ఏమీ కదల్లేదు. దేవుని మీద నాకు అనుమానం లేదు. ఆమె ఎక్కడుందో నాకు తెలుసు. అయినా నా ఒళ్లు నాది కానట్టే ఉంది. ఎస్తేరు నా దగ్గరికి వచ్చి, "అన్నం తిన్యారా అమ్మగారూ?" అని అడిగింది. తిన్నానన్నాను. తినలేదు.

ఆమె ఎక్కడ పుట్టిందో, ఎంతవరకు చదివిందో, పెళ్లి ఎప్పుడైందో నాకు సరిగా తెలియదు. తెలిసిందల్లా ఆమె అరచేతులు. అవెప్పుడూ తెల్లగా ఉండేవి. చాక్‌పీసు పొడి. చేతులు కడుక్కున్నా గీతల్లో మిగిలిపోయేది. నడుం దగ్గర చీర మీద కూడా ఎప్పుడూ నాలుగు వేళ్ల తెల్లటి గుర్తు. ఆరాధనలో చేతులెత్తినప్పుడు ఆడవాళ్ల వరసలో ఆమె ఎక్కడుందో వేదిక మీది నుంచే తెలిసిపోయేదని మా ఆయన అనేవారు.

ఆమె ప్రార్థన చాలా పొట్టిది. ఉపవాస కూడికల్లో మా ఆడవాళ్లు ఒక్కొక్కరూ మోకాళ్లు నొప్పి పుట్టేదాకా ప్రార్థించేవాళ్లు. ఆమె వంతు వస్తే, "తండ్రీ, నీకు తెలుసు. ఆమేన్" అనేది. పక్కవాళ్లు ఇంకా తల వంచుకునే ఉండేవాళ్లు, మిగతాది వస్తుందని.

ఇంకో సంగతి. ఆమె ఏదీ చూడకుండా చెప్పేది కాదు. ఆరాధనలో కలిసి చెప్పే విశ్వాస ప్రమాణం మాకందరికీ నోటికొచ్చు, నిద్రలో లేపినా చెబుతాం. ఆమె మాత్రం పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివేది. సంఘపెద్ద ఒకాయన ఒకసారి వేళాకోళం చేశాడు. "ఏమ్మా, తెలుగు టీచరువి, ఇంతకాలానికీ నీకు నోటికి రాలేదా?"

"వచ్చు నాయనా. అందుకే చూసి చదువుతాండా. నోటికొచ్చిందాన్ని నమ్మేదానికి లేదు" అంది.

అలా ఎందుకు అందో నాకు తరువాత తెలిసింది.

ఆమె ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. ఎస్తేరు కూడా అదే బడి. తల్లీకూతుళ్లు బస్సులో వెళ్లి బస్సులో వచ్చేవాళ్లు. ఒకనాడు ఆమె జ్వరంతో ఇంట్లో ఉండిపోయింది. ఎస్తేరు ఒక్కతే వెళ్లింది. సాయంత్రం రాలేదు. చీకటి పడబోతుండగా పులివెందుల నుంచి ఎవరో కండక్టరు ఫోను చేశాడు. మీ పాప ఇక్కడుంది, వచ్చి తీసుకుపోండని.

మా ఊరి మీదుగా పోయే కడప బస్సు ఎక్కాల్సింది, కదిరి బస్సు ఎక్కింది.

"మేయ్, బోర్డు చూసుకోలేదా?" అని తల్లి అడిగితే, "చూసినా మా. క ఉండాది" అంది ఎస్తేరు.

మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించుకోవడం ఆ పిల్ల అలవాటు. అన్నేళ్లూ అలాగే నెట్టుకొచ్చింది. మాటలో గడుసు, జ్ఞాపకం అమోఘం. ఏదైనా ఒకసారి వింటే చాలు. సండేస్కూల్లో కంఠత వాక్యాల బహుమతి ప్రతిసారీ దానిదే. నా చేతుల మీదుగానే ఇచ్చాను. ఆ బస్సు సంగతి తరువాత, ఇంట్లో కుటుంబ ప్రార్థనలో కూతురు కీర్తన చదువుతుంటే తల్లి లేచి దాని వెనక నిలబడి చూసిందట. పిల్ల తడబడకుండా చదువుతోంది. తెరిచి ఉన్న పేజీ మాత్రం కీర్తనలది కాదు, బైబిల్లోనే ఇంకో గ్రంథం, సామెతలది.

ఆ రోజు కూతుర్ని కొట్టింది. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. "కొట్టినా అమ్మగారూ. బాగా కొట్టినా. ఊర్లో పిల్లోళ్లందరికీ నేను వత్తులు నేర్పిస్తాండా, నా బిడ్డ పేరులో ఉండే వత్తు నా బిడ్డకు రాదు" అంది. నిజమే. ఎస్తేరు తన పేరు రాస్తే స కింద త వత్తు ఒక్కోసారి తరువాతి అక్షరం కిందికి పోయేది, ఒక్కోసారి అసలు ఉండేదే కాదు.

కర్నూల్లో ఒక డాక్టరమ్మకు చూపించారు. ఇది జబ్బు కాదు, మొద్దుతనం అంతకన్నా కాదు, కొందరికి అక్షరాలు అందరికీ పట్టుబడినట్టు పట్టుబడవు, దాన్ని డిస్లెక్సియా అంటారు, వేరే పద్ధతిలో నెమ్మదిగా నేర్పాలి అని ఆవిడ చెప్పింది. ఆ పేరు మా సంఘంలో రకరకాలుగా తిరిగింది. సంఘపెద్ద భార్య నన్ను పక్కకు పిలిచి, "అమ్మగారూ, ఆ లెక్సియా అనేది అంటుకుంటాదా? మా మనవరాలు ఆ పిల్ల పక్కనే కూర్చుంటాది" అని అడిగింది. ఇంకొకరు అది అక్షరాల దయ్యమని, ఉపవాసం ఉంటే వదులుతుందని చెప్పారు. ఆమె ఉపవాసం ఉంది. ఉపవాసం అయిపోయాక బడికి వెళ్లి తన ఉద్యోగం మానేసింది, కూతురిని బడి మాన్పించింది. ఇంట్లోనే చదివించి ఓపెన్ స్కూల్లో పది రాయిస్తానంది.

మా ప్రాంతంలో ఇళ్లకు నేలంతా నల్లబండలే. గనులు దగ్గర కాబట్టి పేదవాళ్ల ఇంట్లో కూడా బండే. ఆమె భర్త బండల పాలిష్ యంత్రం దగ్గర పనిచేసేవాడు, తన ఇంటికి మంచివి చూసి వేయించాడు. నల్లగా, నున్నగా, బడిలో బోర్డులాగా ఉండేది ఆ నేల. ఆమెకు పలక అదే అయింది. వాకిలి నుంచి వంటింటి దాకా ఒక్కో బండ మీద ఒక్కో అక్షరం, మనిషి నిలబడేంత పెద్దది. ఎస్తేరు ఉత్తికాళ్లతో ఆ గీత మీదే నడవాలి, నడుస్తూ ఆ శబ్దం పలకాలి. శ ఒక తోవ, ష ఒక తోవ, స ఒక తోవ. కంటికి ఒకేలాగా ఉన్నవి కాలికి వేరుగా తగులుతాయని ఆమె నమ్మకం. పద్ధతి ఫోనులో వీడియోలు చూసి కొంత, తనకు తోచి కొంత. సరిగ్గా పనిచేస్తుందో లేదో తనకే తెలియదని నాతో అంది.

నేను ఇండ్ల ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆ నేలను మొదటిసారి చూశాను. చెప్పులు విప్పి గడప మీద కాలు పెట్టి అక్కడే ఆగిపోయాను. ఎదురుగా మూడు బండల నిండా యేసయ్య అని ప్రభువు పేరు రాసి ఉంది. ఎస్తేరు దాని మీద నడుస్తోంది. యే మీద రెండు కాళ్లూ పెట్టి, దీర్ఘం వచ్చేసరికి మడమ మీద సాగదీసుకుంటూ.

చిన్నప్పుడు కాగితం ముక్కకు కాలు తగిలితే తీసి కళ్లకు అద్దుకునేవాళ్లం. క్రైస్తవులమైనా అది మా ఒంట్లోంచి పోలేదు. బైబిలును నేల మీద పెట్టం, దాని మీద ఇంకో పుస్తకం కూడా పెట్టం. నేను గడప దాటలేకపోయాను.

"రాండి అమ్మగారూ, తొక్కండి, ఏం గాదు" అంది ఆమె లోపలి నుంచి.

పక్కింటి సెట్టెమ్మ పాలు తోడేసుకోవడానికి ఇంత మజ్జిగ కోసం గిన్నెతో నా వెనకే వచ్చింది. వాళ్లకు కిరాణా అంగడి ఉంది. ఆవిడ గుమ్మంలోంచి తొంగి చూసి పెద్దగా అంది: "చూసినారా పాస్టరమ్మా! మా సరస్వతిని తొక్కించేటప్పుడు నేను అడిగితే, మాకు సరస్వతి లేదనింది. సరే పో అనుకున్యా. ఇప్పుడు మీ యేసయ్యను గూడా తొక్కిస్తాండాది. ఈ తల్లికి ఇంగ ఏ దేవుడూ మిగల్లే!"

"ఆయన తొక్కించుకుంటాడులే సెట్టెమ్మా. గిన్నె ఇట్లియ్యి" అంది ఆమె, అక్షరాలు చెరగకుండా పక్క బండ మీద అడుగు వేసుకుంటూ వచ్చి.

సెట్టెమ్మ చెప్పిందో, ఇంకెవరు చెప్పారో, సంగతి సంఘ పెద్దల దాకా వెళ్లింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను ఉండమన్నారు. పెద్దాయన అడిగాడు, "ఏమ్మా, రక్షకుని నామాన్ని కాళ్ల కింద ఏసి తొక్కిస్తాండావంట. నిజమేనా?"

"నిజమే."

"తప్పనిపించలేదా నీకు?"

ఆమె అరచేతులు చీరకు తుడుచుకుంది. తరువాత, "వ్యభిచారంలో దొరికిన ఆడమనిషిని తెచ్చి నిలబెట్టినపుడు ప్రభువు వంగి నేల మీద వేలితో రాసినాడు గదా నాయనా. ఆ పొద్దు అందరూ రాళ్లు పడేసి ఒగరెనక ఒగరు ఎల్లిపోయినారు. ఆయన రాసిందాని మీద అడుగెయ్యకుండానే పోయినారా?" అంది.

"అది వేరే. ఆయన రాసుకుంటాడు, తొక్కించుకుంటాడు. ఆయన ఇష్టం. నువ్వూ ఆయనా ఒకటేనా?"

"కాదు."

"అయితే నువ్వు రాయొద్దు. రాస్తే బల్ల దగ్గరికి రానియ్యం."

బల్ల అంటే ప్రభువు రాత్రి భోజనపు బల్ల. దానికి దూరం పెట్టడం మా సంఘంలో పెద్ద శిక్ష. ఆమె వాదించలేదు. "సరే నాయనా" అంది. పెద్దాయన మాటలో నాకూ న్యాయం కనిపించింది. ఇప్పటికీ కనిపిస్తుంది. ఆమె మాటలోనూ కనిపించింది. రెండింటినీ కలిపి చూసుకోవడం నాకు చేతకాలేదు.

తరువాత వెళ్లినప్పుడు చూస్తే, నేల మీద ఏదో బైబిలు వాక్యం రాసి ఉంది. దేవుని పేరు వచ్చే చోట మాత్రం బండ ఖాళీ. ఎస్తేరు మాట తరువాత మాట నడుచుకుంటూ వచ్చి, ఆ ఖాళీ బండ దగ్గర ఆగి, తల పైకెత్తి ఆ పేరు నోటితో చెప్పి, దాన్ని దాటి అవతలి అక్షరం మీదికి దూకేది. పెద్దాయన ఒకసారి చూడటానికి వచ్చి, చూసి, ఏమీ అనకుండా కాఫీ తాగి వెళ్లాడు.

అలా ఎంతకాలం గడిచిందో. ఎస్తేరు కొంత ముందుకు పోయేది, మళ్లీ వెనక్కి వచ్చేది. నిన్న వచ్చిన వత్తు ఇవ్వాళ రాదు. తల్లి అరిచేది, పిల్ల మంచం కింద దూరేది, మళ్లీ ఇద్దరూ కలిసి నేల కడిగేవాళ్లు. అంతలో ఆమెకు రొమ్ములో గడ్డ అని తేలింది. ఆపరేషను చేశారు. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ వచ్చింది. డాక్టర్లు ఏమన్నారో సంఘంలో ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఒకరోజు చర్చి మెట్ల మీద కూర్చుని చెప్పింది.

"నేను పోయినాక దానికి ఎవురు చదివి పెడతారు అమ్మగారూ? వాళ్ల నాయనకు సంతకం తప్ప రాదు. మందు చీటీ వస్తాది. బస్సు బోర్డు వస్తాది. ఏదో కాగితం తెచ్చి ఈడ సంతకం పెట్టు పాపా అంటారు. వాళ్లు నోటితో చెప్పింది ఇంటాది, కాగితం మీద ఏముండాదో ఊహించుకుంటాది. పెట్టేస్తాది. అంతే గదా."

నేను ప్రార్థిద్దామన్నాను. ఇద్దరం తల వంచాం. ఆమె మామూలుగానే రెండు మాటల్లో ముగించింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం పొందిన పిల్లల్ని బల్లలో చేర్చుకునే ఆదివారం, ఒక్కొక్కరూ ముందుకొచ్చి పాస్టరు ఇచ్చిన భాగాన్ని బైబిల్లోంచి పైకి చదవాలి. ఏ భాగమో ముందే చెబుతారు. అందుకే పిల్లలు చాలావరకు చదవరు, అప్పజెబుతారు. ఎస్తేరు వంతు వచ్చిన ఏడాది, ఆమె మా ఇంటికి వచ్చి మా ఆయన్ను అడిగింది. "దానికి ముందు చెప్పొద్దండి అయ్యగారూ. నాకు గూడా చెప్పొద్దు."

"ఎందుకమ్మా, పిల్ల నలుగురిలో అవమానపడుతుంది" అన్నారు ఆయన.

"పడనీండి. మీరుండారు, నేనుండా. మనం ఉన్నప్పుడే పడనీండి."

ఆ ఆదివారం కరెంటు లేదు. మైకు లేదు, ఫ్యాన్లు లేవు. ఆడవాళ్లు కొంగులతో విసురుకుంటున్నారు. ప్రేమవిందు కోసం వెనక వండిన అన్నం వాసన లోపలికి వస్తోంది. మిగతా పిల్లలు గడగడా చదివి వెళ్లి కూర్చున్నారు. ఎస్తేరు వచ్చి నిలబడింది. మా ఆయన మెత్తని మనిషి. బైబిలు తెరిచి, దావీదు దేవుణ్ణి కాపరి అన్న కీర్తన తీసి దాని ముందు పెట్టారు. అది మా ఊళ్లో మాటలు రాని పసిపిల్లలకు కూడా సగం వచ్చు.

ఎస్తేరు చక్కగా మొదలుపెట్టింది. గొంతు స్పష్టంగా ఉంది. జనం ముఖాలు వికసించాయి. నా పక్కన ఎవరో స్తోత్రం అన్నారు.

ఆమె ఆడవాళ్లలోంచి లేచి నిలబడింది.

"అయ్యా" అంది. "అది ఆయమ్మికి వచ్చు. రానిది ఇయ్యండి."

పెద్దాయన భార్య, "ఏం తల్లి రా నాయనా ఇది" అని గొణిగింది. ఎస్తేరు మొహం ఎర్రబడింది. మా ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూశారు. తరువాత చేతికి వచ్చిన చోట పుస్తకం తెరిచారు. నెహెమ్యా. యెరూషలేము గోడ తిరిగి కట్టినవాళ్ల అధ్యాయం. ఎవరు ఏ గుమ్మం నిలిపారు, ఎవరి పక్కన ఎవరు బాగుచేశారు. మొదటి నుంచి చివరి దాకా పేర్లే. నేను దాన్ని ఎన్నోసార్లు చదివాను, పేర్ల దగ్గర కళ్లు జార్చుకుంటూ.

ఎస్తేరు వేలు పెట్టింది. ఎ... ల్యా... షీ... బు. వత్తు దగ్గర ఆగింది. మడమ కొంచెం నేలకు రాసింది. తరువాత అక్షరం. మె... రే... మో... తు. పిల్ల తడబడితే సాయం చేద్దామని నోళ్లు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఎవరికీ ఏమీ రాదు. సంఘంలో ఒక్కరికి కూడా ఆ పేర్లు తెలియవు. గొప్పవాళ్లు పనికి మెడ వంచలేదన్న చోటు ఎస్తేరు ఒక్కో ముక్కగా కూడబలుక్కుని చదివేసరికి పెద్దాయన దగ్గాడు, వెనక కుర్రాళ్లు నవ్వారు.

అప్పుడు ఆమె లేచి, వరస దాటుకుని, బయటికి వెళ్లిపోయింది.

ఎస్తేరు తలెత్తి చూసింది. తల్లి కూర్చున్న చోటు ఖాళీ. చదవడం ఆగిపోయింది. నేను ఆమెకు ఒంట్లో బాగాలేదనుకుని వెనకే వెళ్లాను. మాట వినిపించనంత దూరంలో, గేటు దగ్గర, ఎండలో నిలబడి ఉంది.

"ఏమ్మా, కడుపులో తిప్పుతాండాదా?"

"లేదు. బాగనే ఉండా."

"మరేంటికి లేసి వచ్చినావు? బిడ్డ చదవలేక నిలబడిపోయింది."

"తెలుసు" అంది. "అది నా మొగం చూసి చదువుతాది అమ్మగారూ. తప్పు పోతే నా కనుబొమ్మ లేస్తాది. నాకు తెలీకుండానే లేస్తాది. అది చూసి దిద్దుకుంటాది. ఇన్నాళ్లూ ఇంట్లో జరిగింది అదే, ఈ నడమనే కనిపెట్టినా. అది చదివేది నన్ను. బుక్కును కాదు."

నేను చర్చి తలుపు వైపు తిరిగి చూశాను.

"చదువుతాండాదేమో చూసి రాండి" అంది కాసేపటికి.

నేను తలుపు దాకా వెళ్లాను. లోపల ఏ శబ్దమూ లేదు. జనం కదలడం లేదు. ఎస్తేరు పుస్తకం మీదికి వంగి ఉంది. చాలాసేపటికి గొంతు వచ్చింది, ముందుకన్నా చిన్నగా. ష... ల్లూ... ము. అతడు, అతని కూతుళ్లు కట్టిన భాగం అది. మా ఆయన చేయి దాని తల మీద పెట్టి, "చాలమ్మా" అన్నారు.

"ఇంగా ఉండాదయ్యా" అని, వేలు కింది వరుసకు దించింది.

నేను తిరిగి గేటు దగ్గరికి వచ్చాను. ఎండ మండిపోతోంది. ఆమె కొంగు కూడా తల మీద వేసుకోలేదు.

"చదువుతాండాది" అన్నాను. "అయ్యగారు చాలన్నారు. అది ఇంగా ఉండాదనింది."

ఆమె తల ఊపింది. నవ్వలేదు, ఏడవలేదు. నేను లోపలికి వెళదాం రమ్మని చేయి పట్టుకున్నాను. వదిలించుకుంది.

"అయిపోనీండి" అంది.